సర్వరు మంచమెక్కింది

నేరేడువలసకు సెల్ టవర్ ఇప్పించమని సర్పంచి తవిటినాయుడు అర్జీ పెట్టుకుంటే ప్రభుత్వం వారు దాన్ని తోసిపుచ్చలేదు. ప్రభుత్వం వారు ఏ అర్జీనీ తోసిపుచ్చరు. ఆదరంగా తీసుకుని, అది పెరిగి పెద్దదయ్యేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు.

నేరేడువలస కొండల మధ్య ఊరు. ఇంటింటా ఫోన్లున్నాయి. వాటిలో పాటలు వస్తాయి, టార్చిలైటు వెలుగుతుంది, పెళ్ళి ఫోటోలు కనబడతాయి. మాట ఒక్కటే రాదు. మాట కావాలంటే ఏనుగుమెట్ట ఎక్కి, పైనున్న బండమీద నిలబడి, ముఖం తూర్పుకి తిప్పి, ఫోను నెత్తికంటే ఎత్తున పట్టుకుని అరవాలి. అవతలివాళ్ళకి అది ఫోనులో వినబడుతోందో, నేరుగానే వినబడుతోందో చెప్పడం కష్టం. కిందటి వానల్లో పోలయ్యను పాము కరిస్తే, అంబులెన్సును పిలవడానికి అతని కొడుకు మెట్ట ఎక్కాడు. పిలిచాడు. దిగేటప్పుడు జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు ఒకరికోసం వచ్చి ఇద్దరిని తీసుకుపోయింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు కాని, తవిటినాయుడు మాత్రం ఆ రోజునుంచి టవర్ గురించి తప్ప మరో సంగతి మాట్లాడడం మానేశాడు.

చివరికి సమాచార సంసిద్ధతా సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు చక్రపాణి గారు స్వయంగా ఊరికి దయచేశారు. రచ్చబండ మీద కుర్చీ వేయించుకుని సంస్థ విధానాన్ని వివరించారు. సంసిద్ధత లేని జనం చేతికి సిగ్నల్ ఇవ్వడం ఈత రానివాడిని ఏట్లోకి తోయడం లాంటిదట. అందుచేత ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ముందు ఇంటర్నెట్ వాడకంలో శిక్షణ పొంది పరీక్ష పాసవ్వాలి. ఆ మీదటే టవర్. పరీక్ష పూర్తిగా ఆన్‌లైను.

ఆన్‌లైను పరీక్ష రాయాలంటే టవర్ ఉండాలి కదా అని తవిటినాయుడు అడిగాడు.

చక్రపాణి గారు జాలిగా నవ్వారు. "మీరు దాన్ని సమస్యగా చూస్తున్నారు నాయుడుగారూ. మేము దశగా చూస్తాం."

శిక్షణ ఇవ్వడానికి హేమసుందరి అనే అమ్మాయి వచ్చింది. కంప్యూటర్లలో డిప్లొమా చేసింది. కాంట్రాక్టు ఉద్యోగం. ఊరు పాసైతే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. జీపులో ఆమెతోపాటు ఒక బ్యానరు, బోలెడన్ని మౌస్‌ప్యాడ్లు దిగాయి. మౌస్‌లు వచ్చే ఆర్థిక సంవత్సరంలో వస్తాయి. కంప్యూటర్ల సంగతి ఆ పై సంవత్సరం ఆలోచిస్తారు. మౌస్‌ప్యాడ్ల మీద వేడి గిన్నెలు దించుకోవడం బాగుందని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. శిక్షకుల మార్గదర్శినిలో మాత్రం లావు అక్షరాలతో ఒక మాట ఉంది: "అనుసంధానం లేదన్న మిషమీద ప్రాక్టికల్ తరగతులు మానరాదు."

హేమసుందరి కొన్నాళ్ళు బోర్డుమీద బొమ్మలు గీసి చెప్పింది. జనం మర్యాదగా విన్నారు, మర్యాదగా నిద్రపోయారు. ఎర్నమ్మ అనే ముసలామె ఒక్కతే మెలకువగా ఉండేది. ఆమెకు ఊరందరి సంగతులూ తెలుసు, తెలియనివాటికి ఊహ ఉంది. మీట నొక్కితే కాగితం అంత దూరం ఎలా ఎల్లిపోద్దని రోజూ అడిగేది. ఒకరోజు హేమసుందరికి విసుగొచ్చి, సుద్దముక్క పక్కన పెట్టి, జనాన్నే లేపి నిలబెట్టింది.

తవిటినాయుణ్ణి అరుగుమీద కూర్చోబెట్టి, నువ్వు సర్వరువి, ఏ కబురైనా నీ దగ్గరికి వచ్చే బయటికి పోవాలి అంది. అది అతనికి బాగా నచ్చింది. సర్పంచి అయిన దగ్గర్నుంచీ అతను కోరుకున్నది అదే. కాగితం పట్టుకుని పరిగెత్తేవాళ్ళు మెయిలు. సందు మొదట్లో నిలబడి గుర్తుమాట అడిగేవాడు పాస్‌వర్డు. తొలిరోజు గుర్తుమాట "వంకాయ". రెండోరోజుకి ఊళ్ళో పసిపిల్లలకు కూడా అది తెలిసిపోవడంతో "గుత్తివంకాయ" అని మార్చారు. ఎర్నమ్మ వెతుకుడు యంత్రం అయింది. ఏది అడిగినా పది జవాబులు చెప్పేది, అందులో మొదటిది ఎప్పుడూ తన తమ్ముడు అమ్మకానికి పెట్టిన మేక గురించే. పోలయ్య మాట మధ్యలో ఆగిపోయి ఆకాశంలోకి చూస్తాడు. అది అతనికి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటే అయినా దానికి బఫరింగ్ అనే పేరుందని ఇప్పుడే తెలిసి పొంగిపోయాడు. బంగారమ్మ పిలవని ఇంటికి వెళ్ళి అక్కరలేని కబుర్లు చెబుతుంది. ఆమెను స్పాము అన్నారు. అదేదో పదవి అనుకుని ఆమె కొత్త చీర కట్టుకుని తిరిగింది.

నెల తిరగకుండా ఊరు ఊరంతా ఇంటర్నెట్ అయిపోయింది. కూర అరువు కావలసినా అరుగు దగ్గర ముందుగా షరతులు వినాలి. వినకుండానే అందరూ "ఒప్పుకున్నాం" అనేవారు. ఆ ఒక్క విషయంలో శిక్షణ అవసరమే లేకపోయిందని హేమసుందరి తన నివేదికలో రాసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లో చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. అన్నీ చూశారు. షరతులకు తానూ ఒప్పుకున్నారు, గుత్తివంకాయ అని చెప్పి సందులోకి ప్రవేశించారు. భోజనానికి కూర్చోబోతూ ఒక్కసారి తెల్లబోయారు. "ఈ వారంలో విశేషాలేమీ లేవు" అన్న నివేదిక సాయంత్రంలోగా రాజధానికి పంపాలి. మరిచిపోయారు. ఫోను తీసి చూస్తే అందులో గడియారం తప్ప మరేదీ కదలడం లేదు.

తవిటినాయుడు అరుగుమీద సర్దుకుని కూర్చుని, కాగితం ఇలా పారేయమన్నాడు. కాగితం అతని చేతిలోంచి పరుగెత్తేవాడి చేతికి, అక్కణ్ణుంచి మెట్ట దాటి అవతలి ఊరికి, అక్కణ్ణుంచి సైకిలు మీద తారురోడ్డుకి, రాజధానికి పోయే బస్సు డ్రైవరు జేబులోకి పోయింది. డ్రైవరు పోలయ్యకు మేనల్లుడు. అతను బస్సు దిగి, నివేదికను నేరుగా కార్యాలయం మెట్ల మీద ఇచ్చి వచ్చాడు.

ఆ వారం రాజధానిలో సంస్థ కార్యాలయానికే నెట్టు పోయింది. రాష్ట్రం మొత్తంమీద ఒక్క జిల్లా నుంచి కూడా నివేదిక అందలేదు, చక్రపాణి గారిది తప్ప. విశేషాలేమీ లేవన్న ఆ కాగితాన్ని పెద్దలు చేతులు మార్చుకుంటూ ఆనందబాష్పాలతో చదివారు. ఏ సాంకేతికతతో పంపారని అడిగారు. చక్రపాణి గారు కొంచెం ఆలోచించి, "మానవాధారిత అంతర్జాలం" అన్నారు. కరెంటు అక్కరలేదు, టవర్ అక్కరలేదు, చెదలు పట్టవు, రెండు పూటలా గంజి పోస్తే చాలు అని వివరించారు.

ఇక ఆ ఉత్సాహాన్ని ఆపడం ఎవరితరమూ కాలేదు. మానవాధారిత అంతర్జాలంపై సదస్సులు జరిగాయి. ఒక విశ్వవిద్యాలయం బంగారమ్మ మీద పరిశోధనకు ఇద్దరిని పంపితే, ఇద్దరూ రెండు గుమ్మడికాయలు కొనుక్కుని వెనక్కి వెళ్ళారు. పక్క జిల్లాలో ఒక ఉత్సాహవంతుడైన అధికారి తన కార్యాలయంలోని వైర్లన్నీ పీకించి గుమాస్తాలను వరుసగా నిలబెట్టాడు. పని ఏమీ ఆలస్యం కాలేదట. అంతకుముందు ఎంత ఆలస్యమో ఇప్పుడూ అంతేనట.

నేరేడువలసకు పురస్కారం వచ్చింది. దాని వెనకే ఒక ఉత్తరువు కూడా వచ్చింది. హేమసుందరి దాన్ని అరుగు దగ్గర అందరికీ చదివి వినిపించింది: "సదరు గ్రామము స్వయంసమృద్ధ అనుసంధానిత గ్రామముగా గుర్తింపబడినందున, టవర్ నిమిత్తము సమర్పించిన అర్జీ ఇందుమూలముగా సంతోషపూర్వకముగా మూసివేయడమైనది."

అందరూ ఆ కాగితంకేసి చూశారు. పోలయ్య సరే, అతను ఎలాగూ ఆకాశంలోకి చూస్తున్నాడు.

"అంటే ఏటమ్మా," అన్నాడు తవిటినాయుడు, "మనం బాగా నేర్సుకున్నామనీసి టవర్ ఇవ్వరా?"

"అవును."

"నేర్సుకోకపోతే?"

"నేర్చుకోలేదని ఇవ్వరు."

తవిటినాయుడు అరుగు దిగి ఇంటికి పోయాడు. ఆ పూట సర్వరు లేకపోవడంతో ఊళ్ళో ఎవరింటి మజ్జిగ వారింట్లోనే ఉండిపోయింది. హేమసుందరికి అన్నం సయించలేదు. ఆమె ఉద్యోగం ఖాయమైంది, జీతం పెంచుతామని కబురు కూడా వచ్చింది. ఆ ఊరివాళ్ళ ముఖం చూడలేక ఆమె సామాను సర్దుకుంది, మళ్ళీ విప్పింది. మర్నాడు పొద్దున్నే అందరినీ పిలిచింది.

"ఇంటర్నెట్ గురించి మీకు అంతా చెప్పాననుకున్నాను," అంది. "ఒక్క పాఠం వదిలేశాను. పట్నంలో మేమందరం రోజూ చూసేది అదే."

ఆ పాఠం చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. నేర్చుకోవడానికి అంతకంటే తక్కువ పట్టింది. ఇలాంటిది ఉందని ముందే ఎందుకు చెప్పలేదని జనం ఆమెను కోప్పడ్డారు. ఉద్యోగం పోతుందేమో చూసుకోమని ఎర్నమ్మ ఆమెను హెచ్చరించింది. పోతే పోనీ, మేక కొనుక్కుంటానంది హేమసుందరి.

పురస్కారం ఇవ్వడానికి శాఖ సెక్రటరీ గారు వస్తున్నారని తోరణాలు కట్టారు. ఊరి బయట గెడ్డవాగు దాటేటప్పుడు ఆయన కారు బురదలో దిగబడింది. ఆయన జోళ్ళు, గొడుగు చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టుకున్న చక్రపాణి గారి భుజం ఆసరాతో వేదిక దగ్గరికి చేరారు. చిరునవ్వుతోనే ఉన్నారు. అవతలి ఊరినుంచి ట్రాక్టరు పిలిపించమని, ఈ విధంగా అంతర్జాలాన్ని తామే ప్రారంభించినట్టు అవుతుందని అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

చక్రపాణి గారు చీటీ రాసి అరుగు దగ్గరికి వెళ్ళారు. అరుగుమీద తవిటినాయుడు లేడు. పక్కన నులకమంచం మీద దుప్పటి ముసుగు పెట్టి పడుకుని ఉన్నాడు.

"సర్వరు డవునయ్యింది బావూ," అంది ఎర్నమ్మ.

ఎప్పుడు లేస్తుందని చక్రపాణి గారు అడిగారు. అది సర్వరుకే తెలీదు, కాసేపాగి ప్రయత్నించమంది. ఆయన, వెనకే వచ్చిన సెక్రటరీ గారు ఆగారు. మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి ఎర్నమ్మ సెక్రటరీ గారికేసి అనుమానంగా చూసి, "ముందు తవరు మడిసో కాదో తేలాల," అంది.

సెక్రటరీ గారిని పశువుల సాల దగ్గరికి తీసుకెళ్ళి, ఇందులో గేదెలెన్ని ఉన్నాయో అన్నిటినీ చేత్తో తాకి చూపించమన్నారు. ఆయన పరిపాలనలో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. జాగ్రత్తగా తాకుతూ వెళ్ళారు. చివరిది దున్నపోతు. దాన్ని కూడా తాకారు. తప్పైంది, మళ్ళీ మొదటినుంచీ అన్నారు జనం. దున్నపోతుకు కూడా రెండోసారి తాకించుకోవడం ఇష్టం లేకపోయింది.

సహాయ కేంద్రం ఎక్కడని సెక్రటరీ గారు గట్టిగా అడిగారు. చింతచెట్టు కింద ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. ఆయన్ని చాపమీద కూర్చోబెట్టి జోలపాట అందుకున్నారు. ఒక చరణం పాడేవారు, ఆగి అందరూ ఒక్క గొంతుతో "తవరు మాకు శానా ముఖ్యం, ఇక్కడే ఉండండి" అనేవారు, మళ్ళీ పాడేవారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా పల్లవి మొదటికి వచ్చేది. ఈలోగా బంగారమ్మ కొత్త చీరలో వచ్చి ఆయన చెవిలో, ఊరందరిలోనూ మీకే లాటరీలో గుమ్మడికాయ తగిలింది, గొడుగు ఇలా ఇస్తే తెచ్చిపెడతానంది. ఆయన ఇచ్చేశారు. ఆ తర్వాత ఆ గొడుగును ఎవరూ చూడలేదు.

సెక్రటరీ గారు లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఏనుగుమెట్ట ఎక్కారు. చక్రపాణి గారు వెనకే ఎక్కారు. పైన బండమీద నిలబడి, దారిలో పోలయ్య కొడుకు చెప్పినట్టు ముఖం తూర్పుకి తిప్పి, ఫోను నెత్తికంటే ఎత్తున పట్టుకుని, సెక్రటరీ గారు తన కార్యాలయానికి ఫోను చేసి తాను సెక్రటరీనని అరిచారు. సెక్రటరీ గారు క్యాంపులో ఉన్నారు, మళ్ళీ చేయండి అని అవతలి మనిషి వినయంగా చెప్పి పెట్టేశాడు.

ఆయన బండమీద అలాగే కాసేపు కూర్చుండిపోయారు. కింద ఊరంతా కనబడుతోంది. మంచం, మంచం మీద దుప్పటి, చెట్టుకింద ఇంకా పాడుతున్న ఆడవాళ్ళు.

"చక్రపాణీ, వీళ్ళకి టవర్ ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగారు.

"అనుసంధానిత గ్రామానికి టవర్ మంజూరు చేయడానికి నిబంధన అంగీకరించదు సార్."

"ఆ అనుసంధానం చెడిపోతే?"

చక్రపాణి గారు ఆ ఎత్తున, ఆ గాలిలో కూడా నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. ప్రధాన వ్యవస్థ మరమ్మతులో ఉన్నంతకాలం, ప్రత్యామ్నాయ ఏర్పాటుగా టవర్ ఇవ్వవచ్చు. ప్రధాన వ్యవస్థ బాగుపడిన మరుక్షణం టవర్ ఆపివేయాలి అని అప్పజెప్పారు. సెక్రటరీ గారు అక్కడే, చక్రపాణి గారి వీపుమీద కాగితం పెట్టి సంతకం చేశారు. ఇంత త్వరగా ఏ ఫైలూ కదలలేదని సంస్థలో నేటికీ చెప్పుకుంటారు. చింతచెట్టు కిందికి తిరిగి రావలసివస్తుందన్న భయంతో మనిషి ఎంతటి పనైనా చేస్తాడు.

టవర్ వచ్చింది. హేమసుందరిని దానికి ప్రత్యామ్నాయ పర్యవేక్షకురాలిగా వేశారు. ప్రధాన వ్యవస్థ ఇంకా బాగుపడలేదని నెలనెలా ధ్రువీకరించడం ఆమె పని. ఆమె ఏ నెలా తప్పలేదు. సర్కారు లెక్కల్లో నేరేడువలస ఊరు ఊరంతా చెడిపోయి ఉంది. చెడిపోయిన జనం పొలాలు దున్నుకున్నారు, జీడిపిక్కలు ఎండబెట్టుకున్నారు, వాకిట్లో కూర్చుని చుట్టాలతో ఫోన్లలో పోట్లాడుకున్నారు. ఎర్నమ్మ మనవరాలికి నొప్పులు వస్తే గుమ్మంలోంచే అంబులెన్సును పిలిచారు. అది వేళకి వచ్చింది, ఒకరిని తీసుకెళ్ళి ఇద్దరిని తెచ్చి దింపింది.

అయితే ప్రభుత్వ ఆస్తి చెడిపోయి పడి ఉంటే సంస్థ చూస్తూ ఊరుకోదు. మరమ్మతు చేసి రమ్మని మెకానిక్కు సన్యాసిరావును పంపింది. అతను రిటైరు కాబోతున్న మనిషి. ఏ యంత్రాన్నీ చూడకుండా మాట్లాడడు. అతని మోటారుసైకిలు చప్పుడు వినగానే తవిటినాయుడు పరుగున వచ్చి మంచమెక్కి దుప్పటి లాక్కున్నాడు. ఫోను దిండు కింద దూర్చాడు.

సన్యాసిరావు సంచీ విప్పి స్క్రూడ్రైవరు, పటకారు, నూనె డబ్బా వరుసగా పెట్టుకున్నాడు. సర్వరు మోకాళ్ళు తట్టి చూశాడు. చెయ్యి పైకెత్తి వదిలేశాడు. అది పడాల్సినదానికంటే కొంచెం నెమ్మదిగా పడింది. దిండు కింద ఫోను మోగింది. సన్యాసిరావు అది ఆగేదాకా ఓపిగ్గా కొండలకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఎర్నమ్మ అతనికి అన్నం పెట్టింది. తిన్నాక అతను తన ఫోను తీసి, పట్నంలో భార్యకు, ఆలస్యమవుతుందని, ఇక్కడ చేపల పులుసు బాగుందని చెప్పాడు. గొంతు పెంచాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఫోను జేబులో పెట్టుకుని ఒక్క క్షణం టవర్ కేసి, ఒక్క క్షణం మంచం కేసి చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగాడు.

"తవరి టవర్ వచ్చిన కాణ్ణించీ, బావూ," అంది ఎర్నమ్మ. "అంతకుముందు లేచి తిరిగేది."

సన్యాసిరావు తలాడించి, నివేదిక కాగితం మోకాలిమీద పెట్టుకున్నాడు. రాస్తున్నది పక్కన నిలబడ్డ హేమసుందరికి వినబడేలా పైకి చదువుతూ రాశాడు: "క్షుణ్ణంగా పరీక్షించడమైనది. విడిభాగాలు దొరకవు. ఈ మోడలు తయారీ నిలిచిపోయి చాలాకాలమైంది."

అప్పుడే ఎర్నమ్మ ఇంట్లో ఉయ్యాల్లో మనవరాలి పసిపిల్ల లేచి, ఊరంతా వినబడేలా గుక్కపట్టి ఏడ్చింది. సన్యాసిరావు కలం ఆగింది. ఎర్నమ్మ లేవబోయి ఆగిపోయింది. దుప్పటి కింద తవిటినాయుడు ఊపిరి బిగబట్టాడు.

సన్యాసిరావు తనకేమీ వినబడనట్టుగా చెవి గోక్కుని, కింద సంతకం పెట్టాడు.